ఆన్‌లైన్ వేలానికి ఫొటోలు: లేసుకి, ఇత్తడికి నేను తీసే పద్ధతి

మాది పాలకొల్లండి. మా పిన్నీ వాళ్లది నర్సాపురం. పిన్ని, ఆ వీధిలో ఆడవాళ్లు కలిసి అల్లిన లేసుని నేను ఈబేలో వేలానికి పెడుతుంటాను, అప్పుడప్పుడు అటకల మీద పడున్న పాత ఇత్తడి సామాను కూడా. ఫొటోలు ఎలా తీస్తున్నావని చాలామంది అడుగుతున్నారు, అందుకే అంతా ఒకేచోట రాస్తున్నా. షాపులో అయితే కొనేవాళ్లు లేసుని చేతిలోకి తీసుకుని తిరగేసి, వెలుతురుకి ఎత్తి పట్టి, ముడులు చూసి అప్పుడు బేరం మొదలెడతారు. ఇక్కడ ఆ చెయ్యి ఆనదు కదా, అది తడిమి చూసేదంతా మన ఫొటోలోనే కనపడాలి.

ముందు వెలుతురు సంగతి. ఫ్లాష్ వద్దు, బల్బూ వద్దు. వసారాలోనో ఉత్తరం కిటికీ దగ్గరో పొద్దున్నపూట తీయండి, ఎండ మాత్రం వస్తువు మీద నేరుగా పడకూడదు. మబ్బు పట్టిన రోజున ఫొటోలు బాగా రావని ఆపేస్తారు గానీ నిజానికి పల్చటి మబ్బు వెలుతురంత మంచిది ఇంకోటి లేదండి, నీడలు మెత్తగా పడతాయి, రంగు ఉన్నది ఉన్నట్టు వస్తుంది, నేనైతే అలాంటి రోజు కోసమే సామాను పోగేసి ఉంచుకుంటాను. తీసేముందు ఫోన్ లెన్స్‌ని మెత్తటి నూలుగుడ్డతో తుడవండి, వేలిముద్ర ఒక్కటి పడినా ఫొటో అంతా పొగమంచు పట్టినట్టు వస్తుంది.

తెల్ల లేసుని తెల్ల దుప్పటి మీద పెడితే అల్లిక కనపడదు. ముదురు నీలం గానీ నలుపు గానీ మెరుపు లేని నూలుగుడ్డ ఇస్త్రీ చేసి పరవండి. ఇక్కడో తిరకాసుంది, ఫ్రేములో నలుపు ఎక్కువుంటే ఫోన్ అదంతా చీకటనుకుని వెలుతురు పెంచేస్తుంది, దాంతో లేసు సున్నం కొట్టినట్టు తెల్లగా పేలిపోయి కన్నాలు, ముడులు ఏవీ తెలియవు. అందుకని స్క్రీన్ మీద లేసు ఉన్నచోట వేలితో నొక్కి బ్రైట్‌నెస్ కిందకి లాగండి, దారం మెలిక కనపడేదాకా. ఒక ఫొటో నిలువుగా పైనుంచి, ఒకటి అంచుకి బాగా దగ్గరగా, ఒకటి వెనకవైపు. వెనకవైపు తప్పనిసరండి, పనితనం తెలిసినవాళ్లు ముందు అదే అడుగుతారు.

రంగు విషయంలో నాకు ఒకసారి గట్టి దెబ్బే తగిలింది. రాత్రిపూట పసుపు బల్బు కింద తీసిన టేబుల్ క్లాత్ మీగడ రంగులో వచ్చింది, కొన్నావిడ కూడా మీగడ రంగనే కొంది, తీరా తెల్లది చేరేసరికి వెనక్కి పంపేసింది, పోస్టు ఖర్చు రెండువైపులా నామీదే పడింది. అప్పట్నుంచీ పక్కన ఒక తెల్ల కాగితం పెట్టి ముందు ఒక ఫొటో తీస్తాను, ఎడిట్‌లో ఆ కాగితం తెల్లగా అయ్యేదాకా పసుపు తగ్గించి అదే సర్దుబాటు మిగతా వాటికీ వేస్తాను. అంతకుమించి ఫిల్టర్లు ముట్టుకోను.

ఇత్తడి దగ్గరికొస్తే, ఫొటో బాగా రావాలని చింతపండు పెట్టి తోమేయకండి. పాత సామాను సేకరించేవాళ్లకి ఆ ముదురు రంగే కావాలి, అది ఒకసారి పోతే మళ్లీ రావడానికి ఏళ్లు పడుతుంది. బిందె బొజ్జ మీద మన మొహం, ఫోను, పైన ఫ్యాను అన్నీ కనపడతాయి కాబట్టి రెండువైపులా కుర్చీలు వేసి తెల్ల పంచెలు ఆరేయండి, రెండడుగులు వెనక్కి జరిగి జూమ్ చేసి తీయండి, ఆకారం కూడా వంకర పోదు.

మా అమ్మమ్మగారి బిందె మీద పేరు కొట్టించి ఉంది, చుక్కలు చుక్కలుగా. ఎదురుగా ఎన్ని ఫొటోలు తీసినా అక్షరాలు తెలియలేదు. గది తలుపు మూసి, కిటికీ ఒక్కటే ఓరగా తీసి, ఆ వెలుతురు బిందె పక్కనుంచి రాసుకుంటూ పోయేలా తిప్పి పెడితే ప్రతి చుక్కలోనూ చిన్న నీడ నిలబడి పేరంతా చదవొచ్చింది. కంచు గిన్నెల అడుగున ఉండే ముద్రలకీ ఇదే పద్ధతి. మాటు వేయించిన చోటు, సొట్ట, పగులు కూడా ఇలాగే దగ్గరగా తీసి పెట్టండి, దాచితే సామాను తిరిగొస్తుంది. పక్కన రూపాయి బిళ్ల పెడితే బయటి దేశంవాళ్లకి సైజు అర్థం కాదు, స్కేలు పెట్టండి.

ఇంకోటి, వందేళ్లు దాటిన వస్తువు 1972 నాటి చట్టం ప్రకారం పురావస్తువు కిందకి రావచ్చు, అలాంటిది మనం విదేశాలకి అమ్మి పంపకూడదు. వయసు తేలకపోతే వేలానికే పెట్టకండి.

అప్‌లోడ్ సంగతి. ఈబేలో పొడుగు వైపు కనీసం 500 పిక్సెల్స్ ఉండాలి, 1600 ఉంటే పెద్దది చేసి చూసుకోవచ్చు. ఒక లిస్టింగ్‌కి 24 ఫొటోల దాకా పెట్టొచ్చు, నాకు ఎనిమిదో పదో సరిపోతాయి. ఫొటో మీద పేరు, ధర, బోర్డర్ లాంటివి వేయకూడదు. వెతికేవాళ్లకి ముందు కనపడేది చిన్న చదరం బొమ్మే కాబట్టి మొదటి ఫొటోలో వస్తువు మొత్తం ఫ్రేము నిండా ఉండేలా చదరంగా కత్తిరించండి. ఫోన్లోంచి కంప్యూటర్‌కి వాట్సాప్‌లో పంపితే ఫొటో నలిగిపోతుంది, డాక్యుమెంట్‌గా పంపండి, లేదా కేబుల్ పెట్టండి. కెమెరా సెట్టింగ్స్‌లో లొకేషన్ ఆపేయండి, లేకపోతే మీ ఇల్లు ఎక్కడో ఫొటోలోనే ఉండిపోతుంది.

వేలం అయిపోయిందని ఒరిజినల్స్ డిలీట్ చేయకండి. ప్యాక్ చేసేటప్పుడు డబ్బాలో పెట్టాక ఒకటి, టేపు వేశాక ఒకటి తీసి అదే ఫోల్డర్‌లో వేసి, పార్సిల్ అందిందని అవతలివాళ్లు మెసేజ్ పెట్టేదాకా ఉంచండి.