వ్యాయామం మొదలుపెట్టాక ఒళ్లు తగ్గిందో లేదో టేపుతో ఎలా కొలుచుకోవాలి?

పోయిన నెలలో ఒకామె నేను కుట్టిన జాకెట్టు పట్టుకుని కోపంగా వచ్చింది. “ఆది ఇచ్చినా గూడా చేతులు ఇంత బిగుతుగా కుట్టినావేమక్కా?” అంది. ఆది జాకెట్టు మీద కొత్తది పరిచి చూపించాను. రెండూ ఒకటే. అడిగితే అసలు సంగతి తెలిసింది. మూడు వారాలుగా జిమ్ముకు పోతోందట, తూకం కిలో పెరిగిందట, ఇక మానేద్దామనుకుంటోందట. కర్నూలులో పాతికేళ్లుగా జాకెట్లు కుడుతున్నాను, ఎనిమిదేళ్లుగా పొద్దున్నే అవుట్‌డోర్ స్టేడియంలో నడుస్తున్నాను. ఇట్లా మూడో వారంలో మానేసినవాళ్లు నాకు షాపులోనూ కనిపిస్తారు, స్టేడియంలోనూ కనిపిస్తారు.

కొత్తగా పని పడిన కండరం మొదట్లో కాస్త వాస్తుంది, ఆ వాపులో నీళ్లు చేరతాయి. పైగా కండరం గ్లైకోజెన్ అనే చక్కెరను మునుపటికంటే ఎక్కువగా దాచుకుంటుంది. ఒక్కో గ్రాము గ్లైకోజెన్ వెంట సుమారు 3 గ్రాముల నీళ్లు ఉంటాయి. అందుకే చేతులు బిగుతవుతాయి, తూకం పెరుగుతుంది. అది కొవ్వు కాదు, కానీ తూకం మిషన్‌కు ఆ తేడా తెలియదు. కొవ్వు శాతం చూపిస్తామనే మిషన్లు కూడా పాదాల గుండా చిన్న కరెంటు పంపి, ఒంట్లోని నీళ్లను బట్టి లెక్కగడతాయి. చెమట పట్టి ఎక్కితే ఒక అంకె, నీళ్లు తాగి ఎక్కితే ఇంకొకటి. మొదటి రెండు నెలలు మిషన్‌ను అటక మీద పెట్టేయండి. టేపు చాలు.

కావలసినవి: ఫ్యాన్సీ షాపులో దొరికే మామూలు టేపు, అద్దం, కాటుక పెన్సిల్, ఒక నోటుబుక్కు. ఇంట్లో పాత టేపు ఉంటే అది సాగి ఉండొచ్చు, ఒకసారి స్టీలు స్కేలు పక్కన పెట్టి సరిచూడండి. సెంటీమీటర్ల వైపే వాడండి. అంగుళం అంటే 2.54 సెంటీమీటర్లు, మొదట్లో వచ్చే చిన్న తేడా అంగుళాల్లో కనబడదు.

చేయి భుజానికీ మోచేతికీ నడిమధ్య. తొడ కూడా మధ్యలోనే. పిరుదులు బాగా వెడల్పుగా ఉన్నచోట. కుడి వైపు కొలిస్తే ఎప్పుడూ కుడి వైపే. అంతే, వీటిలో తప్పు పోయేదేమీ లేదు.

తప్పంతా నడుము దగ్గరే జరుగుతుంది.

మగవాళ్లను నడుమెంత అంటే ప్యాంటు సైజు చెబుతారు. మా ఆయన పదేళ్లుగా 34 అనే చెబుతున్నాడు. ప్యాంటేమో పొట్ట కిందికి జారి ఉంటుంది, పొట్ట దాని పైన హాయిగా పెరుగుతూ ఉంటుంది. ఆడవాళ్లు చీర కట్టే చోట కొలుస్తారు, అదీ కిందే. కొందరు బొడ్డును గుర్తుగా పెట్టుకుంటారు. పొట్ట జారితే దాంతోపాటు బొడ్డూ జారుతుంది, కాబట్టి అదీ పనికిరాదు. జారనిది ఎముక ఒక్కటే.

పక్కకు చెయ్యి పెట్టి, పక్కటెముకల్లో చివరిది ఎక్కడ ఆగిందో వేలితో నొక్కి చూడండి. తర్వాత అదే పక్కన తుంటి ఎముక పై అంచు పట్టుకోండి. లావుగా ఉంటే గట్టిగా నొక్కాలి, సిగ్గుపడొద్దు. ఆ రెండింటికీ సరిగ్గా మధ్యలో కాటుక పెన్సిల్‌తో చుక్క పెట్టండి. రెండో పక్కనా అట్లాగే. టేపు ఈ రెండు చుక్కల మీదుగానే పోవాలి.

ఇప్పుడు పాదాలు దగ్గరగా పెట్టి నిటారుగా నిలబడండి. టేపు ముందు సరిగ్గానే ఉంటుంది, వెనక మాత్రం కిందికి జారుతుంది. అద్దంలో పక్కకు తిరిగి చూసుకోండి, లేదా ఇంట్లో ఎవరినైనా చూడమనండి. నేలకు సమాంతరంగా లేకపోతే కొలత ఎక్కువే వస్తుంది.

ఇక్కడ మా టైలర్ల అలవాటు ఒకటి వదిలేయాలి. మేం టేపు లోపల వేలు పెట్టి కొలుస్తాం, బట్టకు లూజు కావాలి కనుక. ఒంటికి లూజు అక్కర్లేదు. టేపు చర్మానికి తగలాలి, లోపలికి దిగకూడదు. టేపు తీశాక ఎర్రగీత పడితే బిగించారన్నమాట.

ఇక ఊపిరి. టేపు చూడగానే పొట్ట లోపలికి పోని మనిషిని నేనింతవరకు చూడలేదు. జాకెట్టు కొలత ఇచ్చేటప్పుడు కూడా బిగబడతారు, తర్వాత హుక్కులు పట్టలేదని నన్ను అంటారు. మామూలుగా రెండు మూడు సార్లు ఊపిరి తీసి వదలండి. మామూలుగా వదిలాక, మళ్లీ పీల్చేలోపు అంకె చూడండి. బలవంతంగా ఊదేయొద్దు. రెండుసార్లు కొలవండి. సెంటీమీటరు లోపు తేడా ఉంటే సగటు రాసుకోండి, అంతకు మించితే రెండూ కొట్టేసి మళ్లీ కొలవండి.

కొలిచేది పొద్దున, బాత్రూముకు వెళ్లొచ్చాక, ఏమీ తినకముందు. పదిహేను రోజులకొకసారి చాలు. సోమవారం మాత్రం వద్దు. ఆదివారం నాటుకోడి పులుసు, సంగటి తిన్న ఒళ్లు ఉప్పుకు నీళ్లు పట్టి ఉంటుంది. ఆడవాళ్లు నెలసరికి ముందు రోజులూ వదిలేయండి.

మనవాళ్లలో నడుము ఆడవాళ్లకు 80, మగవాళ్లకు 90 సెంటీమీటర్ల లోపు ఉండాలంటారు డాక్టర్లు. ఎత్తులో సగం దాటకూడదన్నది ఇంకో లెక్క. మొదటి నెలలో తొడ, చేయి కొలత పెరిగినా కంగారుపడొద్దు. తూకం కదలకుండా నడుము రెండు సెంటీమీటర్లు తగ్గిందంటే పని జరుగుతున్నట్టే. ఒకే బరువున్న కొవ్వు కండరంకంటే ఎక్కువ చోటు పడుతుంది, కాబట్టి కొవ్వు పోయి కండరం వచ్చినా ఒళ్లు చిన్నదవుతుంది. పొట్టకు బెల్టు కట్టుకుని చెమట కార్చేవాళ్లు స్టేడియంలో రోజూ కనిపిస్తారు. పోయేది నీళ్లే, ఇంటికెళ్లి చెంబుడు తాగితే తిరిగొస్తాయి.

జాకెట్టు లూజైందని వెంటనే గుడ్డ కత్తిరించమని తేవద్దు. మూడు నెలలు పక్కకుట్టు వేయించుకుని లోపలి గుడ్డ అట్లాగే ఉంచండి. ఆ కోపంగా వచ్చినామెకు చేతుల కుట్టు విప్పి అర అంగుళం వదిలాను. మొన్న వచ్చి చేతులు సరిపోయాయి, ఇప్పుడు నడుము దగ్గర లూజు పట్టమంది.