నానేఘాట్ కనుమ చూడాలంటే ఇలా వెళ్లండి

మన కోనసీమను తడిపే గోదావరికి చాలా ఎగువన, మహారాష్ట్రలోని పైఠణ్‌లో శాతవాహనుల రాజధాని ఉండేది. అక్కడి సరుకు జున్నర్ మీదుగా కొంకణ్ రేవులకు దిగిన కనుమే నానేఘాట్. రాజమండ్రిలో కోణార్క్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి కళ్యాణ్‌లో దిగండి. ముర్బాడ్ మీదుగా వైశాఖరే దాకా రోడ్డే, ఆ తర్వాత నడక. వానాకాలం రాళ్లు బాగా జారతాయి, చలికాలమే మేలు.

పైన గుహలో మాత్రం తొందరపడొద్దు. పక్కగోడల మీద శాతవాహన రాణి నాగానిక శాసనం ప్రాచీన బ్రాహ్మీ లిపిలో ఉంది, యాగాల్లో దానమిచ్చిన ఆవులు, గుర్రాలు, నాణేల లెక్క అంకెలతో సహా చెక్కించారు, రెండు వేల ఏళ్ల నాటి అంకెలండీ అవి! వెనక గోడ మీది రాజకుటుంబ శిల్పాల్లో పాదాల ఆనవాళ్లే మిగిలాయి, పైన పేర్లున్నాయి. టార్చి పక్క నుంచి వేస్తే అక్షరాలు తేలతాయి, చేత్తో మాత్రం తాకకండి. కనుమ పైన పెద్ద రాతి తొట్టి కనిపిస్తుంది, వర్తకుల సుంకం అందులోనే వేసేవారని అక్కడివాళ్లు చెబుతారు.