మూడు నెలల్లో 4,800 డాలర్లు గెలిచినా, మీ అసలు విన్ రేట్ ఎంతో ఇంకా తెలియదు: లెక్క ఇలా వేసుకోండి

పోయిన ఏడాది వేసవిలో మా ఫ్రెండ్ ఒకడు ఫోన్ చేసి "జాబ్ మానేద్దాం అనుకుంటున్నాను రా, పోకర్‌లో గంటకి 36 డాలర్లు పడుతోంది" అన్నాడు. వాడూ నాలాగే న్యూజెర్సీలో ఉంటాడు, ఆన్‌లైన్‌లో ఆరుగురు కూర్చునే నో లిమిట్ హోల్డెమ్ అనే పోకర్ ఆడతాడు. బిగ్ బ్లైండ్, అంటే ముక్కలు చూడకముందే పెట్టాల్సిన పందెం, 2 డాలర్లు. బై-ఇన్, అంటే టేబుల్ దగ్గర కూర్చోవడానికి తెచ్చుకునే డబ్బు, 200, అంటే 100 బిగ్ బ్లైండ్స్. మిడ్ స్టేక్స్, అంటే మధ్యస్థాయి పందేలు, మొదలయ్యే చోటు ఇది. మూడు నెలల్లో 40,000 హ్యాండ్స్ (ఒకసారి ముక్కలు పంచి ఆడితే ఒక హ్యాండ్) ఆడి 4,800 డాలర్లు లాభంలో ఉన్నాడు. ఆ రాత్రి ఇద్దరం కూర్చుని వేసిన లెక్కనే ఇక్కడ రాస్తున్నాను. ఇది తెలియక ఉద్యోగాలు వదిలేసినవాళ్లు, రెండు చెడ్డ నెలలకే తమ ఆట మీద నమ్మకం పోగొట్టుకున్నవాళ్లు, ఇద్దరినీ చూశాను, చూసిన ప్రతిసారీ బాధేసింది.

ముందు ఒక మాట. న్యూజెర్సీలో 2013 నుంచి లైసెన్సు ఉన్న సైట్లలో ఇది చట్టబద్ధం. మన దగ్గర అలా కాదు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి, 2025 ఆగస్టులో కేంద్రం దేశమంతటికీ చట్టం తెచ్చింది. కాబట్టి ఇది చట్టం ఒప్పుకునే చోట ఉన్నవాళ్ల కోసం. ఇండియాలో ఉండి దొంగదారి సైట్లలో ఆడటానికి దీన్ని వాడొద్దు.

ఇక లెక్క. ఆడిన హ్యాండ్స్ అన్నీ రికార్డు చేసే పోకర్‌ట్రాకర్ లాంటి సాఫ్ట్‌వేర్ ఏదైనా తెరిచి రెండు అంకెలు రాసుకోండి. ఒకటి 100 హ్యాండ్స్‌కి ఎన్ని బిగ్ బ్లైండ్స్ గెలిచారు, అదే విన్ రేట్. రెండోది స్టాండర్డ్ డీవియేషన్, అంటే ప్రతి 100 హ్యాండ్స్‌కి మీ ఫలితం ఎంతగా పైకీ కిందకీ ఊగుతుందో చెప్పేది. చాలామంది మొదటిదే చూస్తారు, రెండోది ఏ మూల ఉందో కూడా తెలియదు. ఆరుగురి టేబుల్లో అది మామూలుగా 80 నుంచి 100 బిగ్ బ్లైండ్స్ మధ్య ఉంటుంది, పాట్ లిమిట్ ఒమాహా అనే ఇంకో రకం పోకర్ ఆడేవాళ్లకి 140 దాటినా ఆశ్చర్యం లేదు. మావాడి అంకెలు 6, 95. ఈ రెండు పక్కపక్కన పెట్టి చూస్తేనే సగం విషయం అర్థమైపోతుంది, 6 వెతుక్కోవడానికి 95 ఊగిసలాటలోకి దిగాలి.

ఆడిన హ్యాండ్స్‌ని 100తో భాగించండి, 400 వచ్చింది. దాని వర్గమూలం 20. ఇప్పుడు 95ని 20తో భాగిస్తే 4.75, దాన్ని రెట్టింపు చేస్తే 9.5. మీ విన్ రేట్‌కి ఈ 9.5 కలపండి, విడిగా తీసేయండి కూడా. సుమారు 95 శాతం నమ్మకంతో చెప్పగలిగేది ఇంతే, మావాడి అసలు విన్ రేట్ మైనస్ 3.5 నుంచి ప్లస్ 15.5 దాకా ఎక్కడైనా ఉండొచ్చు. అంటే 4,800 డాలర్లు చేతిలో పెట్టుకుని కూడా వాడు నిజానికి ఓడిపోయే ఆటగాడే కావచ్చు, ఆ మూడు నెలలూ ముక్కలు బాగా పడ్డాయి అంతే. ఈ మాట చెప్పగానే వాడు కాసేపు ఏమీ మాట్లాడలేదు.

మరి ఎన్ని హ్యాండ్స్ ఆడితే నమ్మకంగా చెప్పగలం? ఈ రేంజ్ సగానికి తగ్గాలంటే హ్యాండ్స్ నాలుగు రెట్లు కావాలి. అటూ ఇటూ 2 బిగ్ బ్లైండ్స్ తేడాకి రావాలంటే మావాడికి సుమారు 9 లక్షల హ్యాండ్స్ పడతాయి, నాలుగు టేబుళ్ల మీద వారానికి 3,000 చొప్పున దాదాపు ఆరేళ్లు, అప్పటికి ఎదురుగా కూర్చునేవాళ్లు మారిపోతారు, మీ ఆట కూడా మారిపోతుంది. అందుకే కచ్చితమైన అంకె కోసం ఎదురుచూడకండి. నా పద్ధతి చెప్తాను, లక్ష హ్యాండ్స్ లోపు ట్రాకర్ చూపించిన విన్ రేట్‌లో సగమే లెక్కలోకి తీసుకుంటాను. మిడ్ స్టేక్స్‌లో రేక్ (సైట్ తీసుకునే కమిషన్) పోను 3 దగ్గర నిలబడితేనే మంచి ఆట, కాబట్టి ట్రాకర్‌లో 10 కనిపిస్తే సంతోషం కన్నా అనుమానం ముందు రావాలి.

ట్రాకర్‌లో ఆల్-ఇన్ ఈవీ గ్రాఫ్ కూడా చూడండి (ఆల్-ఇన్ అంటే ముందున్న డబ్బంతా పెట్టేయడం, ఈవీ అంటే సగటున రావాల్సిన ఫలితం), కానీ అతిగా నమ్మొద్దు. డబ్బంతా మధ్యలో పడ్డాక వచ్చే కార్డుల అదృష్టాన్ని మాత్రమే అది తీసేస్తుంది. మీకు కింగ్స్ జత వచ్చినప్పుడల్లా ఎదుటివాడికి అంతకంటే పెద్దదైన ఏసెస్ జత వచ్చిన నెలని అది సరిచేయలేదు.

ఇప్పుడు బ్యాంక్‌రోల్, అంటే పోకర్ కోసమే పక్కన పెట్టుకున్న మొత్తం డబ్బు. నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే, ఎందుకంటే ఇక్కడ తప్పు చేస్తే అప్పులు ఇంటి దాకా వస్తాయి. విన్ రేట్‌ని రెట్టింపు చేసి, బ్యాంక్‌రోల్‌లో ఉన్న బిగ్ బ్లైండ్స్‌తో గుణించి, స్టాండర్డ్ డీవియేషన్ వర్గంతో భాగించండి. ముందు మైనస్ పెట్టి ఎక్సెల్‌లో ఈఎక్స్‌పీ (EXP) ఫంక్షన్‌కి ఇస్తే, ఎప్పటికైనా మొత్తం డబ్బు పోయే అవకాశం ఎంతో వస్తుంది. విన్ రేట్ 3, డీవియేషన్ 95 అనుకుంటే 20 బై-ఇన్లతో 26 శాతం, 50 బై-ఇన్లతో 4 శాతం కూడా లేదు. అదే 50 బై-ఇన్లు ఉండి మీ అసలు విన్ రేట్ 1.5 అయితే? 19 శాతం. పైగా ఇది డబ్బు బయటికి తీయకుండా ఆడితేనే, ప్రతి నెలా అద్దెకి, ఇంటి ఖర్చుకి తీస్తూ ఉంటే ప్రమాదం ఇంకా పెరుగుతుంది. పోకర్ మీదే బతకాలనుకునేవాళ్లు ఆ ఖర్చుని వేరే అకౌంట్‌లో కనీసం ఏడాదికి సరిపడా పెట్టుకోవాలి.

అదే 26 శాతం ఇంకో సంగతి కూడా చెప్తుంది. నిజంగా 3 గెలిచే ఆటగాడు ఏళ్ల తరబడి ఆడాక, ఏదో ఒక రోజు లెక్క తీస్తే, తన గరిష్ఠం నుంచి 20 బై-ఇన్లు, ఈ స్టేక్స్‌లో 4,000 డాలర్లు, కిందే ఉండే అవకాశం నాలుగింట ఒక వంతు. డౌన్‌స్వింగ్ (వరసగా డబ్బు పోయే కాలం) వచ్చింది కాబట్టి ఆట పాడైపోయిందని తేల్చేయకండి, పాడవలేదని కూడా అనుకోకండి, డబ్బు గ్రాఫ్‌కి ఆ తేడా తెలియదు. ఓడిన పెద్ద పాట్లు (మధ్యలో పోగైన పందెం డబ్బు) 50 తీసి, ఎవరు గెలిచారో పక్కన పెట్టి, ప్రతి నిర్ణయం సరైనదేనా అని మీకంటే బాగా ఆడేవాడితో కలిసి చూడండి. విసుగు పుట్టే పనే, కానీ అసలు జవాబు అక్కడే దొరుకుతుంది.

ఎప్పుడు కింది స్టేక్స్‌కి దిగాలో టెన్షన్ లేని రోజునే కాగితం మీద రాసి పెట్టుకోండి. నాది 30 బై-ఇన్లు. అంతకంటే తగ్గితే ఆ రోజే దిగిపోతాను, పోయినదాన్ని రాబట్టుకుందామని ఇంకో సెషన్ కూడా ఆడను. ఓడినప్పుడు పై స్టేక్స్‌కి ఎక్కడం అనే ఆలోచన రోజూ వస్తోందంటే, ఆడకుండా ఉండలేకపోతున్నారంటే, ఈ లెక్కలు మీకు పనికిరావు, సైట్‌లో సెల్ఫ్ ఎక్స్‌క్లూజన్ (మిమ్మల్ని ఆడనివ్వకుండా మీరే ఆపించుకోవడం) పెట్టించుకుని ఇంట్లో ఎవరికైనా చెప్పండి.

ప్రతి 25,000 హ్యాండ్స్‌కి ఒకసారి రేంజ్ మళ్లీ కట్టండి, మధ్యలో వద్దు. మావాడు జాబ్ మానలేదు. ఇప్పుడు వాడి ఎక్సెల్ ఫైల్లో లక్ష హ్యాండ్స్ ఉన్నాయి, విన్ రేట్ 2.1, రేంజ్ మైనస్ 4 నుంచి ప్లస్ 8 దాకా. తర్వాతి లెక్క 1,25,000 దగ్గర.