సముద్రపు ఒడ్డున రెండు రోజుల నడక: ముందు ఆటుపోట్ల పట్టిక చూడండి

సముద్రపు ఒడ్డున ఎప్పుడు నడవాలో తేల్చేది ఆటుపోట్లే. వసంతంలో శని, ఆదివారాలు నడకకని వెళ్తుంటే, గది చూసుకోవడానికి ముందే ఆ ఊరి ఆటుపోట్ల పట్టిక చూడండి. చాలా తీరాల్లో ఒక పోటుకీ (నీరు బాగా పైకొచ్చే వేళ) తర్వాతి పోటుకీ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు. శనివారం ఉదయం 10కి ఆటు (నీరు బాగా తగ్గే వేళ) ఉంటే, ఆదివారం దాదాపు 10.50కి. వసంతంలో గడియారం గంట ముందుకు జరిపే దేశాల్లో, పట్టికలో ఆ గంట కలిపారో లేదో గమనించండి. కలిపిన దానికే మళ్లీ కలుపుకుంటే, మీరనుకున్న దానికన్నా గంట ముందే నీళ్లు తిరిగొస్తాయి.

అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజుల్లో సముద్రం బాగా లోపలికి తగ్గుతుంది, పోటుకు అంత పైకీ వస్తుంది. మార్చి మూడో వారం చుట్టుపక్కల ఈ తేడా మరీ ఎక్కువ.

ఇసుక నడక ఆటుకు రెండు గంటల ముందు మొదలుపెట్టి, సరిగ్గా ఆటు వేళకు వెనక్కి తిరగండి. నీరు ఒకే వేగంతో పెరగదు: మొదటి గంటలో నెమ్మదిగా వస్తుంది, ఆరు గంటల్లో పెరిగేదాంట్లో సగం మూడో, నాలుగో గంటల్లోనే వచ్చేస్తుంది. చదునైన ఇసుక మేటల మీద ఇంకా ప్రమాదం. ఎదురుగా అల దూరంగానే కనిపిస్తుంటుంది, ఈలోగా మీ వెనక పల్లం నిండి దారి మూసుకుపోతుంది.

పొడి ఇసుకలో నడవడానికి గట్టి నేల మీదకన్నా రెట్టింపు పైగా శక్తి ఖర్చవుతుంది. అందుకే తడి ఇసుక ఎంచుకోండి. అడుగు వేయగానే పాదం చుట్టూ ఇసుక తెల్లబడి ఆరినట్టు కనిపిస్తే అది గట్టి ఇసుక. అడుగులో నీరూరి మడమ దిగబడితే కాస్త పైకి జరగండి. ఒడ్డు వాలుగా ఉంటుంది కాబట్టి ఒక కాలు ఎప్పుడూ కిందే పడుతుంది, మోకాలు పట్టేస్తుంది. వెళ్లిన దారినే తిరిగొస్తే రెండు కాళ్లకూ భారం సమానమవుతుంది.

గాలి ఒడ్డు వెంబడి వీస్తుంటే, వెళ్లేటప్పుడు ఎదురుగాలి ఉండే దిక్కు పట్టండి. మధ్యాహ్నానికి సముద్రపు గాలి పెరుగుతుంది, అలసిన కాళ్లతో దానికి ఎదురు నడవడం కష్టం. ఆ చల్లదనంలో ఎండ తెలియదు, చర్మం మాత్రం కాలుతుంది. సన్‌స్క్రీన్ రెండు గంటలకోసారి రాయాలి, చెవుల వెనక కూడా.

పిక్కలు పట్టేసి ఉంటాయి కాబట్టి రెండో రోజు గట్టి బాట మీద, కొండ అంచున నడవండి. అంచుకు దగ్గరగా వెళ్లొద్దు, కింద మట్టి కోసుకుపోయి పైన గడ్డి మాత్రమే మిగిలి ఉండొచ్చు. వాన పడ్డాక కొండ కింద కూర్చోవద్దు. పచ్చటి నాచు పట్టిన రాళ్ల మీద ఎంత మంచి బూటైనా జారుతుంది.

బూట్లు సముద్రపు నీటిలో తడిస్తే ముందు మంచినీళ్లతో కడగండి. ఉప్పు తేమను పట్టి ఉంచుతుంది, కడగకపోతే తెల్లారేదాకా ఆరవు. తర్వాత లోపల కాగితం కుక్కి, గంటకోసారి మార్చండి. నడుస్తుండగా మడమ దగ్గర చురుక్కుమంటే అక్కడే ఆగి, ఇసుక దులిపి, చర్మం పొడిగా తుడిచి టేప్ వేయండి. బొబ్బ లేచాక వేస్తే ఆదివారం నడక పోయినట్టే.