చింక్వే తెర్రె పడవ విహారం, వైన్ రుచి: బయలుదేరే ముందు

వేసవిలో ఇటలీలోని చింక్వే తెర్రెకు (సముద్రతీరపు ఐదు ఊళ్లు) వెళ్లేవారికి:

ఈత ముందు, వైన్ తర్వాత. కొన్ని విహారాల్లో పడవ ఆపి నీళ్లలోకి దిగనిస్తారు. తాగి దూకితే ప్రాణానికే ముప్పు.

కడుపు తిప్పకుండా వేసుకునే మాత్రలు చాలావరకు మగతనిస్తాయి. మద్యం తోడైతే అది ముదురుతుంది. రెండింటిలో ఒకటే.

పడవ విహారం చివరి రోజుకు పెట్టుకోవద్దు. అలలు పెరిగితే పడవలు కదలవు.

ఐదు ఊళ్లలో కార్నీలియా కొండ మీద ఉంది, రేవు లేదు. రైలు దిగి దాదాపు 380 మెట్లెక్కాలి, లేదా బస్సు కోసం చూడాలి.

షక్కెత్రా ఎండబెట్టిన ద్రాక్షతో చేసే తీపి వైన్. పాయసంలా తాగేది కాదు, ఘాటెక్కువ.

శాకాహారులు ముందే చెప్పాలి. నంజుకోవడానికి ఇక్కడ ఆంచోవీ చేపలు పెట్టడం మామూలే.

వైన్ తాగాక బండి నడపొద్దు, తిరుగు ప్రయాణం రైల్లోనే.