ఏరేషన్ ట్యాంకు పాఠాలు – 5: డీఓ పెరిగిందని సంబరపడకండి

పోయిన పాఠంలో తప్పు నాదే. ఏరేషన్ ట్యాంకులో (బ్లోయర్లతో గాలి ఊది, బాక్టీరియా చేత మురుగునీటిని శుద్ధి చేయించే తొట్టి) డీఓ, అంటే నీటిలో కరిగిన ఆక్సిజన్, లీటరుకు 2 మి.గ్రా. దగ్గర ఉంచండి అని రాసి ఊరుకున్నాను. ఒకాయన ఉత్సాహంగా ఉత్తరం రాశారు: "సార్, రాత్రికి రాత్రి 5కి వచ్చింది. ఒక బ్లోయర్ ఆపేశాను, కరెంటు కలిసొచ్చింది." ఇంకో ముగ్గురిదీ ఇదే కథ. అందుకే ఈసారి చెప్తానన్న నైట్రోజన్, ఫాస్ఫరస్ లెక్క వాయిదా.

పెళ్లిలో అన్నం గుండిగలు నిండుగా మిగిలాయంటే వంటవాడి గొప్పేమీ లేదు, తినేవాళ్లు తగ్గారని అర్థం. బ్లోయర్లు అవే, వచ్చే నీళ్లూ అవే, అయినా డీఓ ఎగబాకిందంటే బాక్టీరియా ఆక్సిజన్ వాడడం మానేసింది. ముందు లోపలికొచ్చే నీటి సీఓడీ (నీటిలో మురికి, అంటే బాక్టీరియా తిండి, ఎంతుందో చెప్పే కొలత) చూడండి. ఆదివారం ఫ్యాక్టరీ ఆగినా డీఓ పెరుగుతుంది, దానికి కంగారు అక్కర్లేదు. సీఓడీ మామూలుగానే ఉంటే మాత్రం మురుగునీరు తెచ్చే ఏ ట్యాంకర్‌లోనో యాంటీబయాటిక్ వచ్చిందేమో అనుమానించండి.

బ్లోయర్ ఆపితే స్లడ్జ్ (బాక్టీరియా ఉండే బురద) అడుగున పేరుకుంటుంది, బతికున్న కాస్త బాక్టీరియాకూ ఊపిరాడదు. ఆపొద్దు. అనుమానం ఉన్న నీటిని ఈక్వలైజేషన్ ట్యాంకులోనే (ఏరేషన్‌కు ముందు నీళ్లు నిలిపే తొట్టి) పట్టి ఉంచి, కొద్దికొద్దిగా వదలండి.

బయటికెళ్లే నీటి సీఓడీ బాగుందని కూడా మోసపోకండి. నైట్రోజన్ పని చూసే, అంటే అమ్మోనియాను మార్చే, బాక్టీరియా నిదానంగా పెరిగే జాతి, దెబ్బ తింటే తేరుకోవడానికి వారాలు పడుతుంది. అందుకే నేను ముందు అమ్మోనియా చూస్తాను, తర్వాతే మిగతావి.

ఇది ఊహ కాదు. పటాన్‌చెరులో దాదాపు 90 మందుల తయారీ యూనిట్ల నీళ్లు శుద్ధి చేసే కేంద్రం నుంచి బయటికొచ్చిన నీటిలో సిప్రోఫ్లోక్సాసిన్ (సిప్రో) అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మి.గ్రా. దాకా ఉందని 2007లో ఒక పరిశోధన బయటపెట్టింది. మాత్ర వేసుకున్న మనిషి రక్తంలో ఉండేదాని కంటే ఇది ఎక్కువ! పైగా సిప్రోను బాక్టీరియా పెద్దగా తినదు. అది స్లడ్జ్‌కి అంటుకుంటుంది, దాన్ని వెనక్కి తెచ్చే రిటర్న్ లైన్లో మళ్లీ ట్యాంకుకే వస్తుంది.

అభ్యాసం: బాక్టీరియా ఆక్సిజన్ ఎంత వేగంగా వాడుతోందో కొలుద్దాం. డీఓ మీటర్ కాలిబ్రేషన్ (సరిచూసుకోవడం) మీకు తెలిసిందే. ట్యాంకు నీళ్లు సీసాలో పట్టి బాగా గిలకొట్టండి. గాలి చొరబడకుండా మీటర్ ప్రోబ్ (నీళ్లలో ముంచే కొన) బిగించి, నీళ్లు కలుపుతూ, నిమిషానికోసారి పది నిమిషాలు డీఓ రాయండి. 6.2 నుంచి 3.2కి పడితే పది నిమిషాల్లో 3 తగ్గింది, అంటే లీటరుకు గంటకు 18 మి.గ్రా. ఎంఎల్‌విఎస్‌ఎస్ (ట్యాంకులోని బాక్టీరియా బరువుకు కొలత) లీటరుకు 2 గ్రాములైతే, గ్రాముకు గంటకు 9 మి.గ్రా. ఇలా ఏడు రోజులు, మూడు షిఫ్టుల్లోనూ. నైట్ షిఫ్టు వదిలేస్తే లాభం లేదు, అనుమానపు ట్యాంకర్లు వచ్చేది అప్పుడే.

మీటర్ ఫోటోలు పంపొద్దు. 21 అంకెలూ రాసి పంపండి.