రివాల్సర్ ధ్యాన గుహకు ఓరుగల్లు నుంచి వెళ్లేవారు తెలుసుకోవలసినవి

హిమాచల్ ప్రదేశ్‌లోని మండి జిల్లాలో, రివాల్సర్ సరస్సుకు ఎగువన ఉన్న, బౌద్ధ గురువు పద్మసంభవుని ధ్యాన గుహకు వెళ్లదలచినవారు రైలు టికెట్ కంటే ముందు తిథి చూసుకోవాలి. టిబెటన్ చాంద్రమాసంలో పదవ రోజు ఆ గురువుకు ప్రత్యేకం. అది ఇంచుమించు మన శుద్ధ దశమికే వస్తుంది కనుక ఇంట్లోని పంచాంగం సరిపోతుంది. ఆనాడు పూజలు చూడవచ్చు గానీ, నిశ్శబ్దంగా కూర్చోవాలనుకునేవారు ఆ రోజును తప్పించడమే మేలు. కొండచరియలు విరిగిపడే జూలై, ఆగస్టు నెలల్లో ప్రయాణం పెట్టుకోరాదు.

కాజీపేటలో ఢిల్లీ రైలెక్కి, కశ్మీరీ గేట్ బస్టాండు నుంచి రాత్రి బస్సులో మండికి, అక్కడి నుంచి సుమారు 25 కిలోమీటర్లు స్థానిక బస్సులో రివాల్సర్‌కు చేరవచ్చు.

కథ తెలియకుండా వెళితే అక్కడ కనిపించేది మసిబారిన రాయి మాత్రమే. 8వ శతాబ్దంలో టిబెట్‌కు వజ్రయానాన్ని, అంటే తాంత్రిక బౌద్ధాన్ని, తీసుకువెళ్లిన పద్మసంభవుడు, అంతకుముందు రాజకుమారి మందారవకు ధర్మం బోధించాడని, అది సహించలేని ఆమె తండ్రి అతనిని సజీవంగా దహనం చేయించాడని ఐతిహ్యం. రోజులు గడిచినా పొగ ఆగకపోవడంతో రాజు వెళ్లి చూడగా, చితి ఉన్నచోట సరస్సు, దాని నడుమ తామరపువ్వులో చెక్కుచెదరని గురువు కనిపించారట. అందుకే టిబెటన్లు దానిని త్సో పేమా, అంటే పద్మ సరస్సు అంటారు. పద్మాక్షి గుట్ట కింది గుండంలో ఏటా బతుకమ్మను వదిలే హనుమకొండ వారికి, నీటి మీది పువ్వులో దైవాన్ని చూడటం కొత్త కాదు. కొత్తగా తోచేది అక్కడి విగ్రహమే: మన ధూళికట్ట బౌద్ధ స్తూపం పలకల మీద బుద్ధునికి మనిషి రూపమే లేదు, రివాల్సర్‌లో 2012లో ప్రతిష్ఠించిన పద్మసంభవుని విగ్రహం ఎత్తు 123 అడుగులు.

చాలామంది ఆ విగ్రహాన్ని, సరస్సును చూసి అదే పూట తిరిగి వచ్చేస్తారు. గుహ కోసం వెళ్లినవారు అలా చేయకూడదు. రాత్రి సరస్సు దగ్గరే బస చేసి, తెల్లవారగానే కొండెక్కాలి.

గుహ బయటే చెప్పులు విడిచి, తల వంచి లోపలికి వెళ్లాలి. వెన్నదీపాల వెలుగు తప్ప మరేమీ ఉండని మూలల్లో రాయి తలకు తగులుతుంది కనుక చిన్న టార్చి దగ్గర ఉంచుకోవాలి, అయితే దానిని నేల మీదికే వేయాలి, ధ్యానంలో ఉన్నవారి ముఖాల మీదికి కాదు. రాతి మీది గుర్తులను గురువు ముద్రలుగా భక్తులు తాకి మొక్కుతారు. మీరూ తాకవచ్చు, గీకరాదు. ప్రదక్షిణ మన గుడిలో మాదిరిగానే కుడివైపుగా చేయాలి. చుట్టుపక్కల గుహల్లో భిక్షుణులు నివసిస్తారు. తలుపు మూసి ఉంటే తట్టకూడదు, అనుమతి లేకుండా ఫొటో తీయకూడదు.

తర్వాత ఒక పక్కన చాప మీద కూర్చొని, ఫోను ఆపివేసి, కనీసం అరగంట కదలకుండా ఉండాలి. మొదటి పది నిమిషాలు మోకాళ్లే గుర్తుకొస్తాయి.